పాతబస్తీ చార్‌కోనీ నాన్: ఏది కొనాలి, దేనితో తినాలి, ఎంతసేపట్లో తినాలి

హోటల్ బటర్ నాన్‌కి అలవాటుపడ్డ నోటికి పాతబస్తీ చార్‌కోనీ నాన్ మొదటి ముక్కకే నచ్చకపోవచ్చు. దీనికి పైన వెన్న పూయరు, వెల్లుల్లి చల్లరు, కొత్తిమీర అద్దరు. ఉప్పు కూడా ఒక పిసరు తక్కువే అనిపిస్తుంది. ఒట్టిగా తింటే చప్పన. ఇంటర్నెట్టులో దీనికి ఒక స్టార్, రెండు స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది ఆటోలో కూర్చుని ఒట్టి నాన్ తుంచుకుని తిన్నవాళ్లే అయి ఉంటారు. అన్నం చప్పగా ఉందని ఎవరూ ఫిర్యాదు చేయరు కదా. ఈ నాన్‌కి కావలసిన ఉప్పు, కారం, కొవ్వు అన్నీ పక్కనున్న గిన్నెలో ఉంటాయి. మేక కాళ్లతో కాచే పాయా చారులోనో, తెల్లవారుజామున తినే మాంసం పులుసు నహారీలోనో ముంచాకే దీని సంగతి మాట్లాడాలి. ఆ లెక్కన చూస్తే హైదరాబాదులో దీన్ని మించిన రొట్టె లేదు. అయితే భట్టీ, అంటే నాన్ కాల్చే గుంత పొయ్యి, నుంచి బయటికొచ్చిన రెండు మూడు గంటల్లోపు మాత్రమే.

ముందు వస్తువు ఎలా ఉంటుందో చూద్దాం. విప్పిన అరచేయికంటే పెద్దది, చార్‌కోనీ అన్న పేరుకు తగ్గట్టే నాలుగు మూలలది. మూలలు, అంచులు మందంగా ఉంటాయి, మధ్యభాగం పల్చగా నొక్కి ఉంటుంది. పైన బంగారు రంగు, అక్కడక్కడా ముదురు గోధుమ మచ్చలు. కింది వైపు భట్టీ గోడకు అతుక్కున్న ముఖం గరుకుగా, కాస్త పిండి అంటినట్టు ఉంటుంది. తుంచితే మందపాటి అంచులో సన్నసన్న గదులు కనిపిస్తాయి, బేకరీ బన్నులాగా దూదిలా ఉండదు, పుల్కాలా డొల్లగానూ ఉండదు. మైదా, ఉప్పు, చక్కెర, పులిసే పదార్థం, నీళ్లు: ప్రాథమికంగా ఇంతే. నూనె, నెయ్యి పెద్దగా పడవు కాబట్టి త్వరగా గట్టిపడుతుంది. దీని మంచీ చెడ్డా రెండూ ఆ ఒక్క విషయంలోంచే వస్తాయి.

ఈ నాన్ పేరు చెప్పగానే పాతబస్తీలో అందరూ చూపించే దుకాణం పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్. 1851లో మొదలైంది. నిజాం కొలువులో మున్షీగా, అంటే రాతకోతల ఉద్యోగిగా ఉన్న వ్యక్తి పెట్టాడు కాబట్టి ఆ పేరే నిలిచింది. అప్పటి పాలకుడు నాలుగో అసఫ్ జా నాసిరుద్దౌలా. 1857 తిరుగుబాటుకు ఆరేళ్ల ముందు సంగతి ఇది. చార్మినార్ చుట్టుపక్కల, దారుల్‌షిఫా, మీరాలం మండీ వైపు ఇదే తరహా నాన్ కాల్చే భట్టీలు ఇంకా ఉన్నాయి. ఈ సమీక్ష ఒక్క దుకాణం గురించి కాదు, ఆ రొట్టె గురించి.

రొట్టెకు హైదరాబాదు చరిత్రలో ఉన్న చోటు చిన్నది కాదు. అసఫ్ జాహీల పసుపు జెండా మధ్యలో ఉండే గుండ్రటి బొమ్మ కుల్చా అనే రొట్టెదే అంటారు. కథ అందరికీ తెలిసిందే: దక్కను బయల్దేరే ముందు, తర్వాత మొదటి నిజాం అయిన మీర్ ఖమరుద్దీన్ ఖాన్ సూఫీ గురువు నిజాముద్దీన్ ఔరంగాబాదీ దగ్గరికి వెళ్లాడట, ఆయన పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టిచ్చాడట, ఖాన్ ఏడు తిన్నాడట, ఏడు తరాలు ఏలుతావని గురువు దీవించాడట. 1724 నుంచి 1948 వరకు అసఫ్ జా బిరుదుతో ఏలినవాళ్లు సరిగ్గా ఏడుగురే. అయితే 1748కీ 1762కీ మధ్య గద్దెనెక్కిన నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను ఆ వరసలో కలపరు. కలిపితే కుల్చాల లెక్క తప్పుతుంది. కథ నిజమో కాదో పక్కన పెట్టినా, రాజ్యం జెండా మీద కత్తి, సింహం ఉండాల్సిన చోట రొట్టెను చూసుకున్న ఊరు ఇది.

ఇక నాలుగు మూలలు ఎందుకన్నది. దీనికి రకరకాల కారణాలు చెబుతారు. పని చూస్తే మాత్రం ఒక లాభం స్పష్టంగా కనిపిస్తుంది. భట్టీ లోపలి గోడ మీద జాగా పరిమితం. గుండ్రటి రొట్టెలను వరసగా అతికిస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. లెక్క వేస్తే సుమారు 21 శాతం గోడ వృథా. చతురస్రాలైతే గచ్చు మీద బండల్లా పక్కపక్కనే పడతాయి. ఒక్క విడతలో ఎక్కువ నాన్‌లు దిగుతాయి, అదే బొగ్గు, అదే శ్రమ. రెండో లాభం తినేవాడిది: మూలలు ఉంటే కరకరలాడే భాగం ఎక్కువ. ఇంట్లో పిల్లలు మూలల కోసం కొట్టుకోవడం మామూలే.

భట్టీ అంటే నేలలోకి దిగిన పెద్ద గుంత పొయ్యి. అడుగున నిప్పు, చుట్టూ మట్టి గోడ. నిప్పు రాజేసిన వెంటనే కాల్చడం మొదలుపెట్టరు. మంటలు తగ్గి బొగ్గు ఎర్రగా కణకణలాడి, గోడ వేడిని బాగా పీల్చుకునేదాకా ఆగాలి. నాన్ కాలేది మూడు రకాల వేడితో: గోడ నుంచి నేరుగా కింది ముఖానికి, నిప్పు నుంచి పై ముఖానికి, లోపల తిరిగే వేడిగాలితో అంతటికీ. పనివాడు నాన్ కింది వైపు నీళ్లు తడిపి, నడుము దాకా లోపలికి వంగి గోడకు కొడతాడు. తడిసిన పిండి వేడిగోడ తగలగానే జిగురుగా మారి పట్టుకుంటుంది. కాలాక ఆ జిగురు ఎండి పట్టు వదులుతుంది. అప్పుడు రెండు ఇనుప ఊచలతో, ఒకటి గోకడానికి, ఇంకోటి కొక్కెంతో అందుకోవడానికి, పైకి తీస్తాడు. ఈ పనిలో ఒక్క క్షణం తేడా వస్తే రొట్టె నిప్పులో పడుతుంది. తడి తక్కువైనా పడుతుంది, గోడ చల్లగా ఉన్నా పడుతుంది, పిండి మరీ పులిసి జావగా అయినా కిందికి జారుతుంది. గోడ మరీ వేడెక్కితే అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

కౌంటర్ దగ్గర నాన్ ఎంచుకోవడం రానివాళ్లు చాలామంది. పైన రంగు చూసి తీసుకుంటారు. చూడాల్సింది కింది వైపు. గోధుమ రంగు మచ్చలు అంతటా సమంగా పరుచుకుని ఉంటే గోడ వేడి సరిగా ఉన్నట్టు. ఒకచోట నల్లగా, ఇంకోచోట తెల్లగా ఉంటే వద్దనండి. బూడిద అంటి ఉంటే దులిపితే పోతుంది, అది తప్పు కాదు. నల్లగా మాడిన పొర మాత్రం చారులో వేస్తే గిన్నెంతా చేదు చేస్తుంది. తర్వాత మందపాటి అంచును బొటనవేలితో నొక్కాలి. గుంత నెమ్మదిగా పైకి లేస్తే తాజాది, లేవకపోతే పొద్దున్నది. మూలను తుంచి వాసన చూడండి. వెచ్చటి గోధుమ వాసన, అందులో సన్నటి పులుపు ఉండాలి. పుల్లటి వాసన ముక్కుకు కొడితే పిండి ఎక్కువసేపు పులిసింది. పసుపు చుక్కలు, సబ్బు రుచి ఉంటే వంటసోడా ఎక్కువ పడి సరిగా కలవలేదు. తొందరలో పులియబెట్టకుండా సోడాతో నెట్టుకొచ్చే చోట్ల ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటి నాన్ వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది, అరగంటకే పొడిపొడిగా రాలుతుంది.

వేడివేడి నాన్‌లు ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. లోపలి ఆవిరి బయటికి పోలేక అంచు తడిసి తోలులా సాగుతుంది. న్యూస్‌పేపర్‌లో చుట్టడం కూడా మంచిది కాదు, సిరా అంటుతుంది. ఇంటి నుంచి పల్చటి నూలు గుడ్డ, ఒక వెదురు బుట్టో సంచో తీసుకెళ్లి, ఐదు నిమిషాలు పరిచి ఉంచి ఆ తర్వాత గుడ్డలో చుట్టాలి. గంటసేపు బాగుంటుంది.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. రొట్టె గట్టిపడేది నీళ్లు ఆరిపోవడం వల్ల మాత్రమే కాదు. కాలినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ గట్టి పలుకుగా సర్దుకుంటుంది. సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య, అంటే సరిగ్గా ఫ్రిజ్ వేడిలో, ఈ పని అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. బయట సాయంత్రానికి గట్టిపడే నాన్ ఫ్రిజ్‌లో మధ్యాహ్నానికే అట్టముక్క అవుతుంది. దాచాల్సి వస్తే చల్లారాక గాలి చొరబడని కవర్లో ఫ్రీజర్లో పెట్టండి, వారం పది రోజులు పాడవదు. మళ్లీ తినేటప్పుడు రెండు వైపులా తడిచేత్తో నీళ్లు చిలకరించి, పెనం సన్నసెగన వేడిచేసి, నాన్ వేసి మూత పెట్టి రెండు నిమిషాలు, తిప్పి ఒక నిమిషం. 60 డిగ్రీలు దాటితే ఆ గట్టిపడ్డ పలుకు మళ్లీ మెత్తబడుతుంది. మైక్రోవేవ్‌లో కూడా మెత్తబడుతుంది, కానీ అందులోంచి తీసిన రెండు నిమిషాల్లో మునుపటికంటే గట్టిగా అవుతుంది. అలా చేస్తే గిన్నె ముందు పెట్టుకుని వేడి చేయండి.

దేనితో తినాలి? మొదటి చోటు పాయాది. మేక కాళ్లను గంటల తరబడి ఉడికించిన పల్చటి చారు, వేళ్లు అతుక్కునేంత జిగురు. ఈ చారు పల్చన కాబట్టి పీల్చుకునే రొట్టె కావాలి, మందమైన అంచు ఉన్న రొట్టే కావాలి. రుమాలీ రోటీ ముంచగానే చినిగి గిన్నె అడుగుకు చేరుతుంది. చార్‌కోనీ నాన్ మధ్యభాగం చారు తాగుతుంది, అంచు నాలుగైదు నిమిషాలు నిలబడుతుంది. తినే పద్ధతి కూడా ఉంది: ముందు పల్చటి మధ్యభాగాన్ని తుంచి ముంచుకుని తినేయాలి. మందపాటి అంచు ముక్కలను గిన్నెలో వేసి వదిలేసి చివర్లో చెంచాతో తీసుకోవాలి. ఆఖరి ముక్కలోనే మొత్తం పాయా ఉంటుంది. నహారీతోనూ ఇంతే. అందులో నాలుక ముక్కలు, అంటే జబాన్, కావాలంటే విడిగా చెప్పాలి. నహారీ తెల్లవారుజాము తిండి. నయాపూల్, చార్మినార్ వైపు హోటళ్లలో చీకటితో మొదలై ఎండెక్కేసరికి గిన్నెలు ఖాళీ అవుతాయి. తొమ్మిదింటికి వెళ్లి నహారీ బాగాలేదని రాసేవాళ్లను చూస్తే జాలేస్తుంది, వాళ్లు తిన్నది నీళ్లు కలిపి పొడిగించిన అడుగు చారు.

పెళ్లి విందుల్లో మరగ్‌తో పెడతారు. మరగ్ తెల్లటి, జీడిపప్పు రుచి ఉన్న పల్చటి మాంసం చారు. దానికి నాన్ బాగానే సరిపోతుంది కానీ షీర్మాల్ అనే తియ్యటి రొట్టె ఇంకా బాగుంటుంది. ఈ ఒక్కచోట చార్‌కోనీకి రెండో మార్కే. హలీమ్‌తో అవసరం లేదు. హలీమ్‌లోనే గోధుమ ఉంది, మళ్లీ రొట్టె ఎందుకు?

మాంసం తిననివాళ్లకు బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ రెండూ చక్కగా కుదురుతాయి. నువ్వులు, పల్లీలు, చింతపండు ఉన్న నూనె తేలే పులుసు చప్పటి నాన్‌కి ఎదురుగా సరైన జోడి. మన ఇళ్లల్లో పప్పుతో తినొచ్చు, గట్టి టమాటా పప్పైతే భేష్. పప్పుచారుతో వద్దు, దాని నీళ్లతనం నాన్‌ని తడిపేస్తుంది తప్ప రుచి ఎక్కదు. ఆవకాయతో అస్సలు కాదు. పొద్దున మిగిలిన నాన్ సాయంత్రం ఇరానీ చాయ్‌లో ముంచుకోవడం పాతబస్తీ అలవాటు. గట్టిపడ్డ నాన్‌కి అదే ఉత్తమమైన ఉపయోగం.

ఇక్కడ ఒక పక్కమాట. తెలుగు ఇళ్లల్లో చాలాకాలం రొట్టె అంటే జ్వరం తిండి. లంఖణాలు అయ్యాక పాలల్లో బ్రెడ్డు, ఆసుపత్రికి పలకరింపుకు వెళితే ఒక బ్రెడ్డు పాకెట్టు, నాలుగు బత్తాయిలు. అందుకే కొత్తవాళ్లు ఈ నాన్‌ని చూడగానే మనసులో దాన్ని రోగి పక్కన పెట్టేస్తారు. పాతబస్తీలో అదే పులిసిన మైదా రొట్టె పండగలకు, విందులకు పెట్టే తిండి. ఒకే ఊళ్లో మూసీకి అటూ ఇటూ ఇంత తేడా.

బొగ్గు నాన్‌కీ గ్యాసు నాన్‌కీ తేడా గురించి పెద్ద వాదమే నడుస్తుంది. బొగ్గు వాసనే అసలు రుచి అనేవాళ్లు ఎక్కువ. ఆ మాట సగమే నిజం. కబాబుకు పొగవాసన వచ్చేది కొవ్వు నిప్పుల మీద కారి కాలడం వల్ల. నాన్ నుంచి ఏదీ కారదు, అది లోపల ఉండేది కూడా కొద్ది నిమిషాలే. అసలు తేడా గోడది. మందపాటి మట్టి గోడ ఒకసారి వేడెక్కితే పదుల కొద్దీ నాన్‌లకు ఒకే తీరున వేడి ఇస్తుంది. పల్చటి రేకు డ్రమ్ములో కాల్చితే మొదటి విడత మాడుతుంది, మూడో విడత తెల్లబడుతుంది. మంచి మట్టి గోడ ఉంటే గ్యాసు మీద కూడా ఒప్పుకోదగ్గ నాన్ వస్తుంది. బొగ్గుందని గొప్ప చెప్పుకునే పల్చటి పొయ్యి నాన్ అట్లా రాదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోవాలంటే నూటికి ఎనభై పాళ్లు దగ్గరికి రావొచ్చు. మైదా 500 గ్రాములు, నీళ్లు 280 మిల్లీలీటర్లు, పెరుగు 40 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు, చక్కెర 8 గ్రాములు, ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ 3 గ్రాములు. పెరుగు భట్టీవాళ్ల పద్ధతని కాదు, ఇంటి ఓవెన్‌లో రొట్టె త్వరగా ఎండిపోకుండా. అమెరికాలో దొరికే బ్రెడ్ ఫ్లోర్ మన మైదాకంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఇంకో 20 మిల్లీలీటర్లు పోసుకోవాలి, కానీ నాన్ కాస్త సాగుతుంది. అక్కడి ఆల్‌పర్పస్ ఫ్లోరే దీనికి దగ్గర. పది నిమిషాలు పిసకండి. మొదట చేతికి అంటుతుంది, పొడి పిండి చల్లకుండా ఓపిక పడితే ఎనిమిదో నిమిషానికి నున్నగా అవుతుంది. ఇక్కడ పిండి చల్లితే నాన్ గట్టిగా వస్తుంది, చాలామంది ఇళ్లల్లో జరిగేది ఇదే.

మూత పెట్టి రెండింతలు అయ్యేదాకా వదిలేయాలి. హైదరాబాదు ఏప్రిల్ ఎండలో ముప్పావుగంటకే అయిపోతుంది, కాబట్టి అప్పుడు చల్లటి నీళ్లతో కలపాలి. డిసెంబరులో రెండు గంటలు పట్టినా కంగారొద్దు. వేలితో గుచ్చితే గుంత సగం వరకు పూడాలి. అస్సలు పూడకుండా పిండి కుంగిపోతే ఎక్కువ పులిసినట్టు. అప్పుడు మళ్లీ పిసికి ఇరవై నిమిషాలు ఆపితే చాలావరకు కోలుకుంటుంది. ఆరు ముద్దలు చేయండి, ఒక్కోటి 140 గ్రాములు. పావుగంట ఆగాక చేత్తో వత్తి పదిహేను సెంటీమీటర్ల చతురస్రం చేయండి. కర్ర వాడితే అంచుల్లో గాలి పోతుంది. అంచు వేలెడు వెడల్పున వదిలేసి మధ్యభాగాన్ని వేళ్ల కొసలతో గట్టిగా నొక్కి, కత్తితో నాలుగైదు పైపై గాట్లు పెట్టండి. గాట్లు లేకపోతే మధ్యభాగం పూరీలా ఉబ్బి పైన మాడుతుంది.

ఓవెన్‌ని ఎంత వేడి వెళితే అంత, కనీసం 250 డిగ్రీలకు, లోపల మందపాటి ఇనుప పెనం బోర్లించి అరగంట ముందే వెలిగించాలి. నాన్ కింది వైపు తడిపి పెనం మీద వేసి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. ఓవెన్ లేకపోతే స్టవ్ మీద ఇనుప పెనానికి అతికించి, అడుగు పట్టాక పెనం తిరగేసి మంట చూపించే చిట్కా పల్చటి నాన్‌కి పనిచేస్తుంది. ఇంత మందం దానికి పై పొర మాడి లోపల పచ్చి మిగులుతుంది. దానికి విరుగుడు, మంటకు జానెడు ఎత్తున పట్టుకుని నెమ్మదిగా తిప్పడం. నాన్‌స్టిక్ పెనంతో ఈ పని పెట్టుకోవద్దు. దానికి రొట్టె అతుక్కోదు, తిరగేయగానే మంటలో పడుతుంది, పైగా అంత వేడికి పూత చెడుతుంది.

బయటి నుంచి వచ్చేవాళ్లకు దారి: సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి దారుల్‌షిఫా మీదుగా పురానీ హవేలీ నడిచిపోయేంత దూరమే. హవేలీలోనే నిజాం మ్యూజియం కూడా ఉంది. అయితే ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్టకు వేస్తున్న మెట్రో లైను ఈ దారిమీదుగానే. రోడ్డు వెడల్పు కోసం ఇటువైపు చాలా కట్టడాలు తీసేస్తున్నారు. పాత ఫోటోల్లో చూసిన దుకాణం అదే గడపలో ఉంటుందని నమ్మి బయల్దేరకుండా, దారుల్‌షిఫా చౌరస్తాలో ఎవరినైనా అడిగి వెళ్లండి.

ధర సంగతి: హోటల్లో ఒక బటర్ నాన్‌కి పెట్టే డబ్బుతో ఇక్కడ రెండు, ఒక్కోసారి మూడు వస్తాయి, ఒకటి తింటే కడుపు నిండుతుంది. విందుకు ఆర్డరు ఇచ్చేటప్పుడు బిర్యానీ కూడా ఉంటే తలకు ఒకటి చాలు, నహారీ ఒక్కటే అయితే తలకు రెండు. రంజాన్ నెలలో, పెళ్లిళ్ల రోజుల్లో ముందురోజే చెప్పాలి. డెలివరీ వేళ గురించి గట్టిగా మాట్లాడండి, వడ్డించే గంటకు ముందు రావాలి తప్ప పొద్దున్నే తెచ్చి పేర్చి పెడితే డబ్బు దండగ. విజయవాడకో విశాఖకో తీసుకెళ్లేవాళ్లు పూర్తిగా చల్లార్చి గుడ్డలో చుట్టి, ఊరు చేరాక పైన చెప్పినట్టు మూత పెనం మీద వేడిచేసుకోండి. పాయా మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్లకండి, అది అక్కడే వండించుకుంటే మేలు.